నది ఒడ్డున పుట్టినవారు



తెలుగును గురించి నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు నన్ను కోరినారు. ఆ పని చేయదగిన పండితులు ఈ సభలోనే ఉన్నారు. నేను మెట్రిక్ దాకా చదివి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకొంటున్నవాణ్ణి. అందుచేత నేను చదివి తెలుసుకొన్న వేరొక జాతి సంగతి మనవి చేస్తాను.

జపాను ఉత్తరాన హొక్కయిదో అనే పెద్ద దీవి ఉన్నది. అక్కడి ఆదివాసులు ఐనులు. ఐను అంటే వారి భాషలో మనిషి అని అర్థం. నదుల ఒడ్డున ఊళ్లు కట్టుకొని, సాల్మన్ చేపను పట్టి, జింకను వేటాడి బ్రతికినారు. 1869లో జపాను ప్రభుత్వం ఆ దీవికి కొత్త పేరు పెట్టి తనలో కలుపుకొన్నది. 1871లో వారి ఆడపిల్లలకు పచ్చబొట్లు పొడవరాదన్నది, మగవాళ్లు చెవిపోగులు పెట్టరాదన్నది. కొన్నాళ్లకు నదిలో సాల్మన్ పట్టడమూ నేరమయింది. 1899లో వారికోసం చేసిన చట్టానికి ‘పూర్వపు ఆదివాసుల రక్షణ చట్టం’ అని పేరు. మనిషి ఎదుట నిలబడి ఉండగానే పూర్వపువాడైపోయినాడు, చూడండి! సేద్యం చేసుకొమ్మని కుటుంబానికి అయిదు హెక్టార్లకు మించకుండా భూమి చూపినారు. బడిలో పిల్లలకు జపానీ భాషే నేర్పినారు.

మనకూ వారికీ పోలిక పూర్తిగా కుదరదు. మన పెద్దలు పొట్ట చేతబట్టుకొని పొరుగుసీమకు వచ్చినవారు; మన భాషకు వెనుక కోట్ల జనమూ, రెండు రాష్ట్రాలూ ఉన్నవి. ఐనులు పొట్టకోసం పొరుగుసీమకు వచ్చినవారు కారు. రాజ్యమే వారి మీదికి నడిచి వచ్చింది.

వారి భాషకు లిపి లేదు. అయినా గుడ్లగూబ, నక్క, కుందేలు, కప్ప తమ కథలు తామే చెప్పుకొనే పాటలు ముసలమ్మల నోట ఉండేవి. 1903లో పుట్టిన చిరి యుకియే అనే పిల్ల వాటిని అమ్మమ్మ దగ్గరా, పెద్దల దగ్గరా విని పెరిగింది. ఆ పాటలు పదమూడు ఎంచి, ఒక పుటలో ఐను మాటలు రోమను అక్షరాలతోనూ, ఎదుటి పుటలో జపానీ అర్థమూ వ్రాసింది. గుండెజబ్బు మనిషి. 1922లో టోక్యోలో అచ్చు ప్రతులు దిద్ది ముగించిన రాత్రే కన్నుమూసింది. వయస్సు పందొమ్మిదేండ్లు. పుస్తకం మరుసటి ఏడు వెలువడింది. ఈనాటికీ దాన్ని చదువుతున్నారు. మన ఇళ్లలో అమ్మమ్మలు పాడే పాటలు ఎవరైనా వ్రాసి పెట్టుకొన్నారా అని అడగవచ్చు గాని, పండుగపూట దెప్పిపొడవను.

మరొకరు కయానో షిగెరు. 1926లో నిబుతాని అనే ఊళ్లో పుట్టినారు. పిల్లలకు తినిపించడానికి సాల్మన్ పట్టినందుకు తన తండ్రిని పోలీసులు పట్టుకుపోయినారని స్వీయకథలో వ్రాసుకొన్నారు. పెద్దయ్యాక పాత పనిముట్లు సేకరించినారు, పిల్లలకు భాష నేర్పే బడి పెట్టినారు, 1994లో జపాను పార్లమెంటులో ఎగువసభ సభ్యులయినారు. ఐనులలో అక్కడ అడుగుపెట్టిన మొదటివారు ఆయనే. ఆ సభలో ఐను భాషలో మాట్లాడినారు కూడా. వారి ఊరి పవిత్రస్థలాలను ముంచే ఆనకట్ట మీద ఆయనా, మరొక ఐను కుటుంబమూ వ్యాజ్యం నడిపినారు. 1997లో సప్పోరో న్యాయస్థానం, ఐనులు ఆదివాసులే, వారి భూమి తీసుకోవడం చట్టవిరుద్ధమే అని తీర్పు చెప్పింది. అయితే ఆనకట్ట అప్పటికే కట్టడం అయిపోయినది గనుక అది అట్లాగే ఉండవచ్చునన్నది! ఇటువంటి తీర్పును ఏమనవలెనో నాకు తెలియదు. ఆ ఏడే 1899 నాటి చట్టాన్ని రద్దు చేసినారు.

2008లో పార్లమెంటు వారిని ఆదివాసులుగా గుర్తించవలెనని తీర్మానించింది. 2019లో చట్టంలోనే ఆ మాట చేర్చినారు. 2020లో షిరవోయిలో ప్రభుత్వం పెద్ద మ్యూజియం తెరిచింది. ఫారములు నింపించే ఉద్యోగం నాది గనుక ఒక లెక్క నా కంటబడింది. 2017లో హొక్కయిదోలో మేము ఐనులమని చెప్పుకొన్నవారు 13,118 మంది. పెండ్లిసంబంధాలకూ కొలువులకూ అడ్డు వస్తుందని తల్లిదండ్రులు పిల్లలకు సైతం చెప్పకుండా దాచిన ఇండ్లు అనేకం. దాచినవారు ఈ లెక్కలో లేరు.

ఇక సాల్మన్ సంగతి. 2020లో ఉరహొరోలోని ఐనుల సంఘం ఒకటి, మా పూర్వులు చేపలు పట్టిన నదిలో మేమూ జీవనానికి పట్టుకొంటామని కోర్టుకు వెళ్లింది. పూజకోసమయితే అధికారి అనుమతితో కొన్ని పట్టుకోవచ్చును. ఆ సదుపాయం ముందునుంచీ ఉన్నదే. జీవనానికి హక్కు లేదని 2024 ఏప్రిలులో సప్పోరో న్యాయస్థానం ఆ దావాను కొట్టివేసింది.