బడిపాలనలో పిల్లల వంతు

(సిద్దిపేట పఠనాలయములో గావించిన ప్రసంగము)



1930లో మన పొరుగుననున్న జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమ నిజామాంధ్ర మహాసభ జరిగినది. సభ చేయుటకే సర్కారు అనుమతి వేడవలసిన దినములవి. నేడా నిర్బంధము లేదు. కాని మన బడులలో పిల్లవాడు నోరు విప్పుటకు నేటికిని అనుమతి కావలెను!

2009 విద్యాహక్కు చట్టము బడి నిర్వహణ సమితిలో ముప్పాతిక స్థానములను తలిదండ్రులకు, సంరక్షకులకు నొసగినది. ప్రశంసనీయమే. అయితే చట్టము చెప్పిన ఆ సభ్యులలో విద్యార్థి లేడు.

హుస్నాబాదు సమీపమునగల ముల్కనూరులో 1956లో వెలసిన సహకార సంఘమును చూడుడు. అందు రైతు అప్పు పుచ్చుకొని పోవువాడు మాత్రమే కాడు, సంఘమునకు స్వామి. అధికభూమి గలవానికిని కుంటెడు నేలవానికిని ఓటొక్కటే యనుట సహకారధర్మము. బడియు నట్టిదే కావలదా?

గ్రంథాలయపు పుస్తకములు, త్రాగునీరు, మధ్యాహ్న భోజనము, వీని లెక్కలు పిల్లలచేత వ్రాయింపుడు. నాయకత్వము నెలనెలకు మారవలెను. వెనుకబల్లమీది బాలికకును వంతు రావలెను. వారి ఫిర్యాదు సమితి దస్తరములో నెక్కవలెను. దానికి పెద్దలు సమాధానము చెప్పవలెను.

పిల్లలు తప్పులు చేయుదురందురా? చేయనిండు. బడిలోని తప్పు పలకమీది వ్రాత, తుడిచి దిద్దుకొనవచ్చును. పౌరుడైన పిదప చేసిన తప్పు అంత సులభముగా తుడిచిన పోదు.