ప్రజాప్రతినిధులకు జీతమెంత? పదవి ఎన్నాళ్లు?

(రేణిగుంట గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లు ఒక గ్రంథాలయమును చందాదారుల ఆదరణతో నిలుపుకొని వచ్చుట సామాన్య విషయము కాదు. ఈ శుభసమయమున రాజకీయములలోని అవినీతిని అరికట్టు మార్గమును గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. విషయము మిక్కిలి పెద్దది. కావున రెండు ప్రశ్నలను మాత్రము తీసికొందును. ప్రజాప్రతినిధికి జీతమెంత ఉండవలెను? అతడు పదవిలో ఎన్నాళ్లు ఉండవలెను?

మొదట జీతము సంగతి. 1930 మార్చిలో గాంధీమహాత్ముడు రాజప్రతినిధి ఇర్విన్ ప్రభువునకు వ్రాసిన లేఖలో ఒక లెక్క చూపెను. రాజప్రతినిధి జీతము నెలకు 21,000 రూపాయలు, అనగా దినమునకు 700 పైచిలుకు. సగటు భారతీయుని ఆదాయము దినమునకు రెండణాలైనను లేదు. మరుసటి యేడు కరాచీ కాంగ్రెసు, నిపుణులను మినహాయించి, ప్రభుత్వ సేవకుల జీతము సాధారణముగా నెలకు 500 రూపాయలు మించరాదని తీర్మానించెను. 1937లో మన చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఉండగా రాజాజీగారి మంత్రివర్గము ఏర్పడినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు, వి.వి. గిరిగారు, బెజవాడ గోపాలరెడ్డిగారు అందులో మంత్రులు. వారు ఆ 500 రూపాయల జీతముతోనే పనిచేసిరి.

స్వాతంత్ర్యానంతరము 1954లో పార్లమెంటు సభ్యుల జీతభత్యముల చట్టము వచ్చినది. అప్పుడు మన తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు లోకసభ ఉపాధ్యక్షులు. ఆనాడు జీతము నెలకు 400 రూపాయలు. 2023 ఏప్రిల్ నుండి అది 1,24,000 రూపాయలు. ధరలును పెరిగినవి గనుక అంకెను మాత్రమే చూచి నిందింపరాదు. ఆలోచింపవలసినది వేరొకటి కలదు. రాజ్యాంగము ప్రకారము సభ్యుల జీతమును చట్టసభలే నిర్ణయించుకొనును. కూలివాడు తన కూలిని తానే వ్రాసికొనుట లోకములో ఎక్కడనైన కలదా? 2018లో పార్లమెంటు తన సభ్యుల జీతమును ధరల సూచికి ముడిపెట్టి, అయిదేండ్లకొకసారి సవరించునట్లు చేసికొన్నది. శాసనసభల విషయమునను ఇట్టి కట్టడి రావలెను. నిర్ణయించు అధికారము సభ్యులు కాని వారికి ఉండవలెను.

అయితే జీతము తగ్గించినంత మాత్రమున అవినీతి పోవునా? 1991లో తమిళనాడు ముఖ్యమంత్రి అయిన జయలలితగారు నెలకు ఒక రూపాయి జీతమే తీసికొనిరి. ఆ అయిదేండ్లలో ఆదాయమునకు మించి ఆస్తులు కూడబెట్టినట్లు 2014లో ప్రత్యేక న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2015లో హైకోర్టు దానిని కొట్టివేసెను. 2017లో సుప్రీంకోర్టు మొదటి తీర్పును పునరుద్ధరించెను. కాని అప్పటికే ఆమె మరణించినందున ఆమెపై కేసు ముగిసిపోయెను. మరియు జీతమే లేకున్న ధనవంతుడు తప్ప పేదవాడు ప్రజాసేవకు రాలేడు. శాసనసభ అభ్యర్థి మన రాష్ట్రమున చట్టప్రకారము 40 లక్షల వరకు వ్యయము చేయవచ్చును. చట్టము దాటి ఓటుకు నోటు పంచిన అభ్యర్థి ఆ సొమ్మును తన జీతములో వెదకడు. మన రోడ్డులో, మన చెరువుకట్టలో వెదకును. కనుక జీతమునకు హద్దు పెట్టుమని అడుగు మనము ముందు మన చేయిని వెనుకకు తీసికొనవలెను.

ఇక పదవీకాలము. కాంచీపురమునకు సమీపమున ఉత్తరమేరూరు అను గ్రామము కలదు. అచ్చటి దేవాలయపు గోడపై, సుమారు 920వ సంవత్సరమున, మొదటి పరాంతక చోళుని కాలమున చెక్కిన శాసనములు నేటికిని ఉన్నవి. గ్రామ కార్యవర్గ సభ్యుని కాలము 360 దినములు. అంతకు ముందు మూడేండ్లలో పనిచేసినవాడు మరల అర్హుడు కాడు. లెక్కలు ఒప్పజెప్పనివాడే కాదు, అతని దగ్గరి బంధువులును అనర్హులే. వెయ్యేండ్లకు పూర్వమే మన పొరుగుననున్న పల్లెలో ఇంత ముందుచూపు ఉండెను!

అమెరికాలో జార్జి వాషింగ్టన్ రెండు పర్యాయములు అధ్యక్షుడై తానే విరమించెను. 1951లో రాజ్యాంగ సవరణ ద్వారా ఆ హద్దు చట్టమైనది. మన దేశమున పంచాయతీ మొదలు లోకసభ వరకు పర్యాయమునకు అయిదేండ్ల గడువు కలదు. పర్యాయముల సంఖ్యకు మాత్రము హద్దు లేదు.

హద్దు పెట్టిన సమర్థులను కోల్పోవుదుమని కొందరందురు. చివరి పర్యాయములో ఓటరు భయము ఉండదని మరికొందరందురు. ఈ మాటలలో నిజము కలదు. అందుచేత శాశ్వతముగా తొలగింపక, వరుసగా రెండు పర్యాయముల పిమ్మట ఒక పర్యాయము విరామము ఉండిన చాలునని నా అభిప్రాయము. మంచివాడు మరల రాగలడు. చెడ్డవాని లెక్కలు ఆ విరామములో బయటపడును. భార్యను, కొడుకును నిలిపి వెనుకనుండి ఏలకుండ, ఆ నియమమును కుటుంబమునకును వర్తింపజేయవలెను.

ఇవి చట్టములగు వరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ పనిలేదు. పంచాయతీ జమాఖర్చులను గ్రామసభ ముందు పెట్టవలెనని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము చెప్పుచున్నది. మనము కట్టు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అది ఎంత వసూలైనది, గ్రంథాలయ సంస్థకు ఎంత చేరినది అని గ్రామసభలో లేచి అడుగుటకు మన కెవ్వరి అనుమతియు అక్కరలేదు.

ఈ గ్రంథాలయ కార్యవర్గమునకు ఒక మనవి. రెండు పర్యాయముల నియమమును ముందుగా మీరే స్వీకరింపుడు. జమాఖర్చుల పట్టికను ఏటేట ఈ గోడపై అంటింపుడు. పత్రికలు చదువ వచ్చు యువకుడు దానిని కూడ చదువును. ఇచ్చట లెక్క అడుగ నేర్చినవాడు రేపు శాసనసభ్యుని కూడ అడుగును. ఆ అలవాటును ఈ ఊరికి నేర్పగలిగిన నాడు ఈ రజతోత్సవము సార్థకమగును.