చెరకు సీమలో చేతిపని చదువు

తమ గురువుగారి స్మృతికై పూర్వవిద్యార్థులు ఈ ధర్మనిధిని నెలకొల్పిరి. గణితము చెప్పినవారికిని భాష చెప్పినవారికిని దక్కు ఇట్టి గౌరవము, పిల్లల చేత రంపమును చిత్రికను పట్టించిన ఉపాధ్యాయునకు దక్కుట మన దేశమున అరుదు. అది బోధనులో జరుగుట తగియే యున్నది; ఏలయన ఈ ఊరు చిరకాలము బ్రదికినది చేతిపనివారి నేర్పు మీదనే.

మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరము ఈ నేలకు నీరు తెచ్చెను. నీటి వెంట చెరకు వచ్చెను. చెరకు వెంట 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసి, శక్కర్‌నగర్ అను పట్టణమునే తన చుట్టు కట్టుకొని, ఆసియాలోకెల్ల పెద్దదన్న ఖ్యాతిని గడించెను. దాని యంత్రముల ఘనతను వర్ణించినవారు పెక్కురు కలరు. నేను చెప్పదలచినది పాన్‌మ్యాను సంగతి. సున్నముతోను గంధకధూమముతోను శుద్ధి పొంది, ఆవిరిపాత్రలలో చిక్కబడిన చెరకురసము వాక్యూము పాన్‌లో ఉడుకుచుండగా, అతడు దాని ప్రక్కనుండి ఒక కడ్డీని లాగి, ఆ గాడిలో వచ్చిన పాకమును గాజుపలకపై రాచి వెలుతురునకు పట్టి చూచును. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ తీగ సాగదీయును. గింజ ఎంత కట్టినదో, రసమింకను వదలవలెనో ఆపవలెనో ఆ నిమిషముననే నిర్ణయించును. అంచనా తప్పినచో వద్దన్న సన్నగింజ పుట్టి, సెంట్రిఫ్యూగల్ యంత్రమున ఎంత త్రిప్పినను మొలాసిస్ సరిగా వీడదు. ఈ నేర్పు చదివినంత మాత్రమున వ్రేళ్లకు రాదు. తన తప్పు తన కన్నుల యెదుటనే, తన షిఫ్టులోనే బయటపడుట వలన వచ్చును.

కర్మాగారము వెలసిన ఆ 1937లోనే, అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో జరిగిన విద్యాసమావేశమున, ఏదేని ఒక చేతివృత్తిని కేంద్రముగా చేసికొని ఏడేండ్ల ప్రాథమికవిద్య నడుపవలెనని మహాత్ముడు ప్రతిపాదించెను. ఆ ప్రణాళికను రూపొందించిన సంఘమునకు అధ్యక్షుడు డాక్టరు జాకిర్ హుస్సేన్, మన హైదరాబాదులో పుట్టినవాడు. బాలురు చేసిన వస్తువుల అమ్మకముతో ఉపాధ్యాయుల జీతములు గడచునని గాంధీజీ ఆశించగా, బడి కార్ఖానా యగును, బాలుడు కూలివాడగునని విమర్శకులు భయపడిరి. ఆ భయము న్యాయమైనదే. కాని దానికి వెరచి తరువాతివారు అమ్మకముతోపాటు కొనువానిని కూడ బడి ఆవరణనుండి వెళ్లగొట్టిరి. ఎవరును కూర్చుండబోని పీటకు కాలు బిగిసిన నేమి, ఊగిన నేమి? 1952-53లో మొదలియార్ సంఘము బహుళార్థసాధక ఉన్నత పాఠశాలలు కావలెనన్నది. 1964-66లో కొఠారీ సంఘము పని అనుభవమన్నది. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘము ఉత్పాదక శ్రమ యన్నది. 2020 జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిది తరగతుల వారికి సంచి లేని పది దినములు పెట్టి, స్థానిక వృత్తులవారి చెంతకు పంపుమన్నది. పది దినములలో పరిచయము కలుగును, మంచిదే. పరిచయమును శిక్షణముగా ఎంచుకొన్నచో మోసపోవుదుము.

అట్టి శిక్షణమునకు ఈ ఊరిలో కర్మాగారమే యుండెడిది. చెరకు ఆడు కాలము ముగిసి, మిల్లు రోలర్లను విప్పి, పంపులను తెరచి మరమ్మతు చేసెడి వేసవియే బడి సెలవుల కాలము. ఆ రెంటిని జోడించుటకంటె సులభమైన ఏర్పాటు ఈ ఊరికి మరొకటి యుండెడిది కాదు. 2002లో కర్మాగారము ప్రైవేటు యాజమాన్యము క్రిందికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. నేటి బాలునికి ఆ ద్వారము లేదు.

అందుచేత నేను విద్యార్థి వృత్తిసంఘములను గూర్చి చెప్పుచున్నాను. అమెరికాలో వ్యవసాయవిద్య చదువు బాలురు 1928లో కాన్సస్ సిటీలో ఒక జాతీయ సంఘముగా ఏర్పడిరి. వారు సంఘపు గుర్తుగా తొడుగు నీలి కోట్లు వారికే యుండనిండు, మన యెండలకవి పనికిరావు. గ్రహింపదగినది వారి లెక్కల పుస్తకము: ప్రతి బాలుడును తనదైన పంటనో పశువునో చేపట్టి, ఖర్చును రాబడిని తానే వ్రాసి, నష్టము వచ్చిన నష్టమని చూపవలెను. ఉపాధ్యాయుడు వేయు మార్కులకు ఈ కాఠిన్యము లేదు.

బోధను చుట్టు ఇప్పుడు వరియు, రైసు మిల్లులును, బోరుబావులును గలవు. బోరున్న చోట మోటారు కాలుట నిత్యకృత్యము. మన విద్యార్థి సంఘము చేపట్టదగిన పని ఆ మోటార్లను మరల చుట్టుటయే. మాడిన తీగను పెరికి, స్లాట్లను శుభ్రపరచి, ఇన్సులేషన్ కాగితము దూర్చి, పాత కాయిలులో ఎన్ని చుట్లున్నవో లెక్కించి, అదే గేజి రాగితీగను ఫర్మాపై చుట్టి, వార్నిషు పట్టించి, మెగ్గరుతో పరీక్షించుట యను ఈ పనిలో పదవ తరగతి ఓమ్ నియమమంతయు ఇమిడి యున్నది. ఒక ఫేజులో చుట్లు తగ్గినచో మూడు ఫేజుల కరెంటు సమముగా నుండక మోటారు మరల వేడెక్కును. రైతు మరల వచ్చును. వచ్చి కేకలు వేయును. ఆ కేకలు వినుట కూడ ఈ విద్యలో భాగమే. ఈ జిల్లానుండి గల్ఫునకు పోవువారిలో ఎందరో హెల్పరుగా విమానమెక్కుచున్నారు. వెల్డరుగానో ఎలక్ట్రీషియనుగానో పోవువానికిని వీనికిని జీతములో భేదమెంతయో ఇక్కడి ప్రతి యింటివారికిని తెలియును.

బాలకార్మికత్వమన్న శంక కలుగవచ్చును. 2016లో సవరించిన చట్టము పదునాలుగేండ్లు దాటి పదునెనిమిది నిండనివారిని అపాయకరమైన పనులలో పెట్టరాదన్నది. దానిని మీరవలసిన పని లేదు. సంఘములో తీగ చుట్టుట, లెక్కించుట, చీటీ వ్రాయుట బాలబాలికల పని. కరెంటు కలిపి పరీక్షించుట ఐటీఐ శిక్షణము పొందిన పెద్దవాని పని. వచ్చిన సొమ్ము బడి పద్దులో గాక సంఘము పద్దులో పడవలెను. దాని వినియోగమును సభ్యులే సమావేశములో నిర్ణయింతురు గాక. తప్పు చుట్టిన మోటారును మరల చుట్టుటకగు రాగి వెల కూడ ఆ పద్దునుండియే పోవలెను.

ధర్మనిధి నిర్వాహకులకు నా మనవి యొక్కటే. ఈ యేటి వడ్డీతో షీల్డులను, శాలువలను కొనక, ఒక చుట్టుడు యంత్రమును, కొన్ని కిలోల ఎనామిల్ తీగను కొని ఉన్నత పాఠశాలకు అప్పుగా ఇండు. దానముగా వలదు, రైతులిచ్చు చుట్టుకూలినుండి తీగ వెల తిరిగి నిధికి జమ కావలెను. మరొక సంగతి: మోటార్లు ఎక్కువగా కాలునది ఎండకాలమున, బడికి తాళము పడునది కూడ అప్పుడే. కనుక షెడ్డు తాళపుచెవి సెలవులలో ఎవరి యొద్ద ఉండునో ప్రధానోపాధ్యాయులవారు ఏప్రిలులోగా నిర్ణయింప ప్రార్థన.