పడవ ముందు బరువు

శ్రీశైలం జలాశయం 885 అడుగులకు నిండినప్పుడు పగిడ్యాల మండలం నెహ్రూనగర్ రేవులో కృష్ణా నది సముద్రంలా పరుచుకుంటుంది. అవతలి గట్టున మంచాలకట్ట. ఈ నీళ్లమీద తిరిగే ఇంజను పడవలో బరువు ఎక్కడ పెట్టామన్నది ప్రాణాలతో ముడిపడిన సంగతి.

ఇంజను వెనకే, నడిపే మనిషీ వెనకే. జనం కూడా అటే చేరితే ముందు భాగం పైకి లేస్తుంది; ఎదురుగా ఉన్న వలలు, మొద్దులు కనబడవు. కొంత బరువు ముందుకు జరిపితే పడవ సమంగా సాగుతుంది. ముందు బరువు ఏం చేస్తుందో చెప్పడానికి ఇంకో ఉదాహరణ: విదేశాల్లో వేక్‌సర్ఫింగ్ పడవలు ఉంటాయి. పడవ వెనక లేచే అలమీద పలకేసుకుని ఆడే ఆట అది. వాటిలో వెనకతోపాటు ముందువైపు కూడా నీళ్ల సంచులు నింపుతారు. 400 లీటర్లంటే 400 కిలోలు! వెనక బరువు అలను ఎత్తుగా లేపితే, ముందు బరువు దాన్ని పొడవుగా సాగదీస్తుంది.

ముందు మరీ ఎక్కువైతే మాత్రం పడవ ముక్కు అలలోకి దిగి నీళ్లు లోపలికి వస్తాయి. అసలు మోయలేనంత ఎక్కిస్తే ఎంత సర్దినా లాభం లేదు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది చనిపోయారు. దయచేసి నిలబడకండి, కింద కూర్చోండి. మూటలు నడుమన, అడుగున పెట్టండి. అందరూ లైఫ్ జాకెట్లు తొడుక్కున్నాకే తాడు విప్పమనండి.