ఈసినోఫిల్స్ పెరిగినవన్న నివేదిక: అర్థం, జాగ్రత్త



విడువని దగ్గుతో రక్తపరీక్ష చేయించుకున్నవారి నివేదికలో ‘ఈసినోఫిల్స్ 10 శాతం’ అని కనబడగానే ఇంటిల్లిపాదికీ కలవరం కలుగుతుంది. జనవ్యవహారంలో ‘ఇస్నోఫీలియా’ ఒక వ్యాధి పేరుగా స్థిరపడింది. వాస్తవానికి అది లోపలి కారణాన్ని సూచించే గుర్తు మాత్రమే.

ఈసినోఫిల్స్ తెల్లరక్తకణాలలో ఒక తెగ. ఇవి ఎముక మజ్జలో జనించి, కొన్ని గంటలు రక్తంలో సంచరించి, పేగులు మొదలైన అవయవాలలోకి చేరుతాయి. 1879లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ వీటికి నామకరణం చేశాడు. ఇయోసిన్ అనే రంగును పీల్చుకొని ఎర్రబారడమే ఆ పేరుకు మూలం. తక్కిన తెల్లకణాలు మింగలేనంత పెద్ద పురుగు దేహంలో చేరినప్పుడు, ఇవి దానిని చుట్టుముట్టి విషతుల్యమైన ప్రోటీనులను చిమ్ముతాయి. ఉబ్బసం, అలెర్జీలలో ఆ ఆయుధమే సొంత శ్వాసనాళాలను గాయపరుస్తుంది.

శాతాన్ని మాత్రమే చూచి నిర్ణయానికి రారాదు. మైక్రోలీటరు రక్తంలో మొత్తం తెల్లకణాలు 4,000 ఉన్నవారికి 10 శాతం అంటే 400. 12,000 ఉన్నవారికి 1,200. సుమారు 500 వరకు సాధారణమే. 1,500 దాటి చాలాకాలం నిలిస్తే గుండె, ఊపిరితిత్తులు, నరాలు దెబ్బతినవచ్చు. కనుక నివేదికలో ‘అబ్సల్యూట్ ఈసినోఫిల్ కౌంట్’ అన్న అంకెను చూడాలి.

1940లో మదనపల్లె సమీపాన ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయానికి చెందిన ఫ్రిమోట్‌మోలర్, బార్టన్ క్షయను పోలిన ఒక స్థితిని వర్ణించారు. ఊపిరితిత్తుల ఛాయలు క్షయను తలపించేవి. రక్తంలో మాత్రం ఈసినోఫిల్స్ విపరీతంగా ఉండేవి. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ‘ట్రాపికల్ ఈసినోఫీలియా’ అని పేరు పెట్టాడు. దోమకాటుతో దేహంలో చేరే ఫైలేరియా పురుగుల పిల్లలపై శరీరం చేసే తీవ్ర ప్రతిఘటనే దీనికి మూలమని తరువాత తేలింది. రాత్రివేళ పొడిదగ్గు, పిల్లికూతలు, 3,000 దాటిన కౌంటు దీని లక్షణాలు. డైఇథైల్ కార్బమజీన్ అనే మందును వైద్యుని పర్యవేక్షణలో వాడితే చాలామందికి గుణం కనిపిస్తుంది. ఉబ్బసమని భ్రమించి ఉపేక్షిస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా గట్టిపడవచ్చు.

కోస్తా ఆంధ్ర, ఒడిశా తీరం బోదకాలు వ్యాధి చిరకాలం నెలకొన్న ప్రాంతాలు. అక్కడినుండి నగరాలకు తరలివచ్చినవారు తమ స్వస్థలాన్ని వైద్యునికి విధిగా చెప్పాలి. ఊరు మారినంత మాత్రాన దేహంలోని పురుగు వదలిపోదు. పొలాలలో చెప్పులు లేకుండా నడచిన సంగతి, కొత్తగా వాడుతున్న మందుల సంగతి కూడా చెప్పదగినవే.

దుకాణంలో అడిగి స్టెరాయిడ్ మాత్రలు కొనడం అన్నిటికంటె ప్రమాదకరం. వాటితో కౌంటు తగ్గుతుంది, దగ్గు కూడా తాత్కాలికంగా అణగవచ్చు. కారణం మాత్రం అలాగే ఉంటుంది. నేలనుండి పాదాల ద్వారా ప్రవేశించే స్ట్రాంజిలాయిడిస్ అనే పురుగు దశాబ్దాలపాటు పేగులలో దాగి ఉండగలదు. స్టెరాయిడ్ వల్ల అది దేహమంతా వ్యాపించి ప్రాణాంతకం కావచ్చు.

పాత నివేదికలను భద్రపరచి, కొత్తవాటితో కలిపి వైద్యునికి చూపాలి. అంకె తగ్గినదా అన్నదానికంటె, ఎందుకు పెరిగినదో తెలిసినదా అన్నదే అడుగవలసిన ప్రశ్న.