రాతబల్ల మీది సన్నని గీతలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ దయతో ఇచ్చేది కాదు, హక్కు అని నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోజు 1982 డిసెంబరు 17. అందుకే ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాము. డి.ఎ. గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు. నేను ఇంటి పని ఒకటి చెబుతాను. మనందరి ఇళ్ళలో లక్క పాలిష్ పెట్టిన టేకు బల్లో, కుర్చీయో ఉంటుంది. దాని మీది సన్నని గీతలు పోగొట్టడం ఎట్లా అన్నదే విషయం.

మా ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో పాలిష్ పనివారు సులువుగా దొరికేవారు. 2015 డిసెంబరులో అది మూతపడిన తర్వాత చాలామంది పని వెతుక్కుంటూ పోయారు. నాలుగేండ్ల కిందట మా ఇంటావిడ సంవత్సరీకానికి పిల్లలు వస్తున్నారని, రాతబల్లను నేనే బాగుచేద్దామనుకున్నాను. 80 నంబరు గరుకు కాగితం తెచ్చి అరగంట రుద్దాను. గీతలు పోయాయి, వాటితోపాటు పాలిష్ కూడా పోయింది. బల్ల మధ్యలో తెల్లగా కర్ర బయటపడింది.

మా వీధి వడ్లాయనను పిలిస్తే చూసి, "సారూ, గీత తోలు మీదుంటే మీరు మాంసం దాక గీకిండ్రు" అన్నాడు. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇప్పుడు చెబుతున్నాను.

మొదట గీత లోతు చూడాలి. వేలు తడిచేసి గీత మీద రాయండి. తడి ఉన్నంతసేపు గీత కనబడకపోతే అది పైపొరలోనే ఉన్నట్లు. గీసుకున్న చోట వెలుతురు చెదరడం వల్లనే అది తెల్లగా కనబడుతుంది. గోరు ఆనించినప్పుడు తట్టుకుంటే అది లోతైన గీత, దానిని పనివానికి వదిలిపెట్టాలి.

రెండవది, పైపూత ఏదో తెలుసుకోవాలి. బల్ల అడుగున కనబడని చోట దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్దండి. జిగురుగా మారితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు కదలక థిన్నర్‌కు కరిగితే అది స్ప్రే కొట్టిన లాకర్. రెండింటికీ కదలకపోతే మెలమైన్ వంటి కొత్తరకం పూత.

లక్క పాలిష్ అయితే పని సులువు. పొడిగుడ్డతో దుమ్ము తుడవండి. దూదిని పాత మెత్తని ధోవతి గుడ్డలో ఉండగా కట్టి, స్పిరిట్‌లో కొద్దిగా లక్క పాలిష్ కలిపి తడపండి. పిండితే చుక్క కారకూడదు. ఉండ పట్టేసుకోకుండా ఒక చుక్క అవిసె నూనె రాసి, కర్ర నార వెంబడి తేలికగా లాగుతూ పోవాలి. ఎక్కడా ఆపకూడదు, ఆపితే అక్కడ మరక పడుతుంది. పైపొర మెత్తబడి గీతలోకి సర్దుకుంటుంది. ఒక రాత్రి ఆరనిచ్చి మర్నాడు చూడండి. ముసురు పట్టిన రోజున చేయవద్దు, తేమకు పాలిష్ తెల్లబారుతుంది.

లాకర్ అయితే 1500, ఆ తర్వాత 2000 నంబరు వాటర్ పేపరును సబ్బునీళ్ళలో తడిపి మెల్లగా రుద్ది, కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండుతో మెరుపు తేవాలి. అంచుల దగ్గర పూత పలుచన, అక్కడ చెయ్యి ఆపుకోవాలి. ఏ పూతకైనా మరీ సన్నని గీతలకు తేనెమైనం పాలిషే చాలు. అందుకే మొదట మైనంతోనే ప్రయత్నించండి. స్పిరిట్, థిన్నర్ ఇట్టే అంటుకుంటాయి కనుక దీపం, పొయ్యి ఆర్పి కిటికీలు తెరవాలి. ఆయాసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి.

ఇంట్లో ఏటికొప్పాక లక్క బొమ్మలుంటే వాటికి స్పిరిట్ తగలనివ్వవద్దు. అక్కడ అంకుడు కర్ర తిరుగుతుండగా రంగు లక్కను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. మెరుపు కోసం మొగలి ఆకుతో రుద్దుతారు. అంటే రంగు ఆ లక్కలోనే ఉంది, స్పిరిట్ తగిలితే లక్కతోపాటు రంగూ పోతుంది. పొడి మెత్తని గుడ్డ చాలు.

ఇక చివరి మాట. వడ్లాయన చలవతో నా బల్ల మళ్ళీ మెరిసింది. సంవత్సరీకానికి వచ్చిన పెద్దబిడ్డ బల్ల కుడిమూల చేయి పెట్టి నిమిరి, "బాపూ, అమ్మ లెక్కలేవి?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. మా ఇంటావిడ పాలలెక్క, కిరాణాలెక్క ఆ మూలనే కూర్చుని రాసేది. బాల్‌పెన్ను ఒత్తి రాసే అలవాటు. కాగితం కింద పాలిష్ మీద ఆ అంకెలు దిగేవట. కిటికీ వెలుతురులో ఏటవాలుగా చూస్తే కనబడేవట. ముప్పై ఏండ్లు ఆఫీసులో పైనోటు చదవకుండా ఏ ఫైలూ కదపనివాణ్ణి, నా ఇంటి బల్లను మాత్రం చదవకుండానే తుడిచేశాను. బిడ్డ ఏమీ అనలేదు. అమ్మ లెక్కల పుస్తకం మాత్రం అడిగి తీసుకుపోయింది.

అందుకని, మిత్రులారా, గుడ్డ చేతపట్టే ముందు కిటికీ తెరిచి బల్లను ఏటవాలుగా ఒకసారి చూడండి. ఇంట్లోవాళ్ళను పిలిచి అడగండి. మొన్న మనుమడు కంపాసు ముల్లుతో అదే బల్ల మీద చిన్న గీత గీశాడు. మైనం పెడితే పోతుందని తెలుసు. పెట్టలేదు.