ట్యాగ్ మీద ఆకు బొమ్మ ఉంటే సరిపోతుందా? బట్టల బ్రాండ్‌ని అడగాల్సిన మూడు ప్రశ్నలు

ఈ ఎపిసోడ్ ఒక మెయిల్‌తో మొదలైంది. పోయిన నెల ఒక బట్టల బ్రాండ్ వాళ్ళు స్పాన్సర్‌షిప్ కోసం రాశారు. నేను అరవై సెకన్లు మాట్లాడి, "ఇది సస్టైనబుల్ ఫ్యాషన్" అని చెప్పాలి. అంతే. వాళ్ళు ఇస్తామన్న డబ్బు నా పాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నెల జీతం కంటే ఎక్కువ. నిజం చెప్తున్నా, "ఓకే" అని టైప్ కూడా చేసేశా. పంపలేదంతే.

ఎందుకంటే వాళ్ళు పంపిన శాంపిల్ టీషర్ట్‌ని మా పిన్నికి చూపించా. పిన్ని పదేళ్ళు గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషన్ మీద కుట్టింది. ట్యాగ్ మీద ఆకు బొమ్మ, ఎన్ని లీటర్ల నీళ్ళు ఆదా అయ్యాయో లెక్క ఉన్నాయి. అదంతా నాతో చదివించుకుని, "మరి కుట్టినామెకి ఎంతిచ్చారో రాయలేదేంట్రా?" అంది. నా దగ్గర ఆన్సర్ లేదు.

అప్పుడు కూర్చుని మూడు ప్రశ్నలు రాసుకున్నా. వాటిని మనందరికీ తెలిసిన హెచ్ అండ్ ఎం మీద టెస్ట్ చేద్దాం. దాని మంచీ చెడూ రెండూ పబ్లిక్ రికార్డులో ఉన్నాయి కాబట్టి.

మొదటి ప్రశ్న: ఎక్కడ కుట్టారు?

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర రానా ప్లాజా బిల్డింగ్ కూలిపోయింది. 1,100 మందికి పైగా చనిపోయారు. ముందు రోజే గోడలకి పగుళ్ళు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకు, షాపులు మూసేశారు. గార్మెంట్ కార్మికులని మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు. ఏయే బ్రాండ్ల బట్టలు అక్కడ కుట్టారో శిథిలాల్లో దొరికిన లేబుళ్ళు చూసి తెలుసుకోవాల్సి వచ్చింది.

తమ బట్టలు అక్కడ కుట్టలేదని హెచ్ అండ్ ఎం చెప్పింది. అదే ఏడాది నుంచి తన సప్లయర్ ఫ్యాక్టరీల లిస్ట్‌ని వెబ్‌సైట్‌లో పెడుతోంది. ఆ తర్వాత వచ్చిన బంగ్లాదేశ్ సేఫ్టీ ఒప్పందం మీద కూడా మొదట్లోనే సంతకం పెట్టింది. ఈ ప్రశ్నకి పాస్.

రెండో ప్రశ్న: ట్యాగ్ మీద మాటకి అర్థం ఉందా?

హెచ్ అండ్ ఎం ట్యాగ్‌ల మీద "కాన్షియస్" అని ఉండేది. ఆ మాటకి స్పష్టమైన వివరణ లేదని నెదర్లాండ్స్ వినియోగదారుల అధికారులు పట్టుకున్నారు. 2022లో కంపెనీ అలాంటి మాటలు మారుస్తామని, లేదా తీసేస్తామని ఒప్పుకుంది. 5 లక్షల యూరోల విరాళం కూడా ఇస్తామంది. ఇక్కడ ఫెయిల్.

గుర్తుపెట్టుకోండి, "ఎకో", "గ్రీన్" అనేవి కొలతలు కావు. "95 శాతం ఆర్గానిక్ కాటన్" అనేది కొలత. దానికి గాట్స్ లాంటి సర్టిఫికేట్ ఉంటే లైసెన్స్ నంబర్ ఉంటుంది, ఫోన్‌లోనే చెక్ చేయొచ్చు. "రీసైకిల్డ్ పాలిస్టర్" అంటే ఎక్కువగా పాత ప్లాస్టిక్ బాటిల్సే, పాత బట్టలు కాదు. ఇలాంటి ఉత్తుత్తి గ్రీన్ ప్రకటనల మీద మన దేశంలో కూడా 2024లో మార్గదర్శకాలు వచ్చాయి. కంప్లైంట్ చేయాలంటే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915.

మూడో ప్రశ్న: కుట్టేవాళ్ళు నోరు విప్పగలరా?

ఇది మన పక్క రాష్ట్రం కథ. 2021 జనవరిలో తమిళనాడులో, హెచ్ అండ్ ఎంకి కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసే ఒక దళిత యువతి హత్యకి గురైంది. సూపర్‌వైజర్‌ని అరెస్ట్ చేశారు. తను వేధింపులు పడిందని కుటుంబం చెప్పింది. మహిళా కార్మికుల యూనియన్ పోరాడాక, 2022లో దిండిగల్ ఒప్పందం వచ్చింది. హెచ్ అండ్ ఎం కూడా అందులో చేరింది. వేధింపుల మీద ఫిర్యాదు చేస్తే ఫ్యాక్టరీ పట్టించుకుని తీరాలి, లేకపోతే ఆర్డర్ల మీద దెబ్బ పడుతుందని అందులో రాసుకున్నారు. ఒప్పందం మంచిదే. కానీ ఒక ప్రాణం పోయాక వచ్చింది. దీనికి పాస్ అనాలో ఫెయిల్ అనాలో నాకు చేయి రాలేదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక అలవాటు ఉంది. అన్నీ కలిపి పదికి ఒక స్కోర్ ఇచ్చేస్తాం. ఇక్కడ అది పనికిరాదు. నీళ్ళు ఆదా చేసినందుకు వచ్చిన మార్కులతో, మనిషికి జరిగిన అన్యాయాన్ని కొట్టేయలేం. మూడు ప్రశ్నలకీ విడివిడిగా జవాబు రావాల్సిందే. ఇంకో మాట, ఈ కంపెనీలు బతికేదే మనం ఎక్కువ కొంటే. "ఉన్న చొక్కానే ఇంకో ఏడాది వేసుకో" అని ఏ ట్యాగూ చెప్పదు. అది మనమే చెప్పుకోవాలి.

ఇంతకీ ఆ స్పాన్సర్ సంగతి. ఈ మూడు ప్రశ్నలూ మెయిల్ చేశా. "ఫ్యాక్టరీ వివరాలు కాన్ఫిడెన్షియల్" అని ఒక లైన్ రిప్లై వచ్చింది. వీడియో చేయలేదు. టీషర్ట్ వెనక్కి పంపేశా. ఆ డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ కొంచెం కలుక్కుమంటుంది, అబద్ధం ఎందుకు.

ఇవాళ మీ అల్మారాలో ఒక్క చొక్కా లేబుల్ చూడండి. ఆ బ్రాండ్ ఫ్యాక్టరీల లిస్ట్ దొరికిందో లేదో కామెంట్‌లో పెట్టండి. దొరక్కపోతే ఆ బ్రాండ్‌నే అడగండి. మళ్ళీ కలుద్దాం, బై.